స్కేల్ మోడల్ లారీ కట్టి, రంగు చెడకుండా వేయడం ఎలా?

ఈ మధ్య ఒడిశాలో మా బరంపురం, పర్లాకిమిడి వైపు కుర్రాళ్లు కట్టిన మోడల్ లారీలు తరచూ నా చేతికి వస్తున్నాయి. అతుకులు బాగానే వేస్తున్నారు. తలుపులు సరిగ్గా కూర్చుంటున్నాయి, చక్రాలన్నీ నేలకు ఆనుతున్నాయి. తీరా రంగు దగ్గరికొచ్చేసరికి చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరు అవుతోంది. క్యాబిన్ మీద తెల్లటి మసక, పూడిపోయిన తలుపు గీతలు, బంపర్ అంచున కారి గడ్డకట్టిన చుక్క. వాళ్లు చూసి నేర్చుకునే వీడియోల్లో చాలావరకు చలిదేశాల్లో, పొడిగాలి ఉన్న గదుల్లో తీసినవే. మనకేమో గోపాలపురం సముద్రం కూతవేటు దూరం. ఈ గాలిలో రంగు వేయడం వేరే పని.

కావలసినవి

1/24 స్కేలు కిట్ (విడి ప్లాస్టిక్ భాగాల పెట్టె) తీసుకోండి. అంటే అసలు బండి మీద 24 మిల్లీమీటర్లు మోడల్ మీద ఒక మిల్లీమీటరు. ఇటాలెరి, రెవెల్ లారీలు ఈ కొలతలో దొరుకుతాయి, కార్లయితే టామియా. పాత అమెరికన్ కిట్లు ఎక్కువగా 1/25లో ఉంటాయి, అవీ ఫర్వాలేదు. 1/64 జోలికి పోవద్దు, అందులో చేతికి పని దొరకదు.

నిప్పర్, పదునైన కత్తి, 400 నుంచి 2000 నంబరు దాకా వాటర్ పేపర్లు (నంబరు పెరిగేకొద్దీ నున్నన), ప్లాస్టిక్ మోడల్ సిమెంట్, మాస్కింగ్ టేపు, ప్రైమర్ (రంగు కింద వేసే పూత), రంగు, క్లియర్ (రంగు పైన వేసే పారదర్శక పూత) స్ప్రే డబ్బాలు కావాలి. వీటితోపాటు గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి. దీన్నే అందరూ దండగ ఖర్చు అనుకుని వదిలేస్తారు. ఎయిర్‌బ్రష్ (కంప్రెసర్ గాలితో రంగు చల్లే పరికరం) లేకపోయినా పని జరుగుతుంది గానీ ఇది లేకుండా జరగదు.

ఎయిర్‌బ్రష్ లేనివాడు మోడలర్ కాదన్నట్టు మాట్లాడేవాళ్లు ఉన్నారు. కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీళ్లుగా మారి పైపులోకి వస్తుంది. మన ఊళ్లలో ఆ నీళ్లను పట్టే వాటర్ ట్రాప్ పెట్టినా మాటిమాటికీ వంపుకోవాలి. చెయ్యి కుదిరినవాడికి లారీ క్యాబిన్ వేయడానికి మంచి స్ప్రే డబ్బా చాలు.

కట్టడం

భాగాలన్నీ, అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేముతో సహా, గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన నూనె పోకపోతే రంగు పట్టదు. భాగాన్ని ఫ్రేముకు దూరంగా కత్తిరించి, మిగిలిన ముక్కను రెండోసారి కత్తితో తీసేయండి. మోడల్ సిమెంట్ జిగురులాంటిది కాదు, ప్లాస్టిక్‌ను కొంచెం కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. అందుకని చుక్క చాలు. క్రోమ్ పూత ఉన్న చోట పూత గీకేసి అంటించాలి. అద్దాలకు ఫెవిక్విక్ వాడొద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లబారుతుంది. తెల్ల ఫెవికాల్ పెట్టండి. పలక మీద గుంటలు ఉంటే పుట్టీ పెట్టి, 400తో మొదలుపెట్టి 1000 దాకా రుద్దండి. క్యాబిన్, ఛాసీ, ట్రక్కు బాడీ వేరువేరుగా ఉంచి రంగు వేయండి. అన్నీ అంటించేశాక రంగు వేద్దామనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

రంగు వేయడం

ఇక్కడ తొందరపడొద్దు. మొదట మీటరు చూడండి. తేమ 65 శాతం దాటితే డబ్బా మూత తీయకండి, ఇది నా నియమం. లాకర్ (త్వరగా ఆరే రకం) రంగులో ఉండే థిన్నర్ చాలా త్వరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు తనతోపాటు వేడిని కూడా లాక్కుపోతుంది. దాంతో రంగు పడిన పలక చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడి, గాలిలోని తేమ ఆ తడి రంగులోకి దిగుతుంది. ఆరాక మిగిలేదే ఆ తెల్ల మసక. నలుపు, ముదురు నీలం, పైన వేసే క్లియర్ మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డబ్బాలో లోపం ఉందని షాపువాడితో పోట్లాడేవాళ్లను చూశాను. డబ్బాలో ఏ లోపమూ ఉండదు, తప్పంతా ఆ రోజు గాలిదే.

మన వైపు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు మధ్య మంచి సమయం. తెల్లవారుజామున మంచు, చీకటి పడ్డాక తేమ, రెండూ చెడ్డవే. వానాకాలంలో ఛాసీ, ఇంజను, చెక్క బాడీ పనులు చూసుకోండి, క్యాబిన్‌ను పెట్టెలో దాచండి. ఏసీ గదిలో తేమ తక్కువే గదా అని తలుపులు మూసి స్ప్రే కొట్టేవాళ్లు ఉన్నారు. ఆ థిన్నర్ ఆవిరి ఊపిరితిత్తులకూ మంచిది కాదు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది కూడా. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఏసీ గదిలో చల్లబడిన క్యాబిన్‌ను బయటికి తెచ్చి వెంటనే రంగు కొడితే, చల్లటి ప్లాస్టిక్ మీద కంటికి కనపడని నీటిపొర అప్పటికే పట్టి ఉంటుంది. ఎక్కడ వేయబోతున్నారో అక్కడే అరగంట ముందు నుంచి ఉంచండి.

డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పెట్టండి. చెయ్యి పెట్టుకోగలిగినంత వెచ్చదనం చాలు. పొయ్యి మీదో మిద్దె మీద ఎండలోనో పెడితే పేలుతుంది. తర్వాత రెండు నిమిషాలు గట్టిగా ఊపండి. వెచ్చబడిన డబ్బాలో ఒత్తిడి పెరిగి, రంగు సన్నటి తుంపరగా వస్తుంది.

ప్రైమర్ లేకుండా రంగు వద్దు. ఎరుపు, పసుపు కింద తెల్ల ప్రైమర్, మిగతావాటి కింద బూడిదరంగు ప్రైమర్. ప్రైమర్ వేశాక కనబడే గీతలను 1000 నంబరు పేపరుతో నీళ్లు తడుపుతూ తీసేసి, మళ్లీ పలచగా ఒక కోటు వేయండి.

ఇప్పుడు అసలు రంగు. చేతికి, క్యాబిన్‌కు మధ్య 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. నొక్కడం క్యాబిన్ అంచు దాటి ముందే మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక ఆపండి. మొదటి కోటు మంచు పట్టినట్టు ఉండాలి, కింద ప్రైమర్ కనపడుతూనే ఉండాలి. చాలామందికి ఇది చూస్తే కంగారు, వెంటనే ఇంకోసారి కొడతారు. ఆ కంగారే కారిన చుక్కగా మారుతుంది. పదిహేను నిమిషాలు ఆగి రెండోది, అదీ అంతే పలచన. అంచులు, తలుపు గీతల పక్కలు ముందు కొట్టండి, ఎందుకంటే తడి రంగు అంచుల నుంచి పక్కకు జారిపోతుంది. మూడోది కాస్త తడిగా, మెరుపు కనపడేంతవరకు. అక్కడితో ఆపండి. రంగు ఒక పదోవంతు మిల్లీమీటరు మందం పడితే, 1/24 లెక్కన అసలు లారీ మీద 2.4 మిల్లీమీటర్ల పూత పూసినట్టు. తలుపు గీత పూడిపోయేది దీనివల్లే.

హార్డ్‌వేర్ షాపులో దొరికే కారు స్ప్రేలు, గేటు ఎనామెల్ (గేట్లకు వేసే, నెమ్మదిగా ఆరే రంగు), ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ సంగతి కూడా చెప్పాలి. ఎన్‌సీ థిన్నర్ కిట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, క్యాబిన్ దగ్గరికి రానీయకండి. గేటు ఎనామెల్ చిక్కన, మన వానల్లో రోజుల తరబడి వేలికి అంటుకుంటూ ఉంటుంది. కారు స్ప్రే వాడొచ్చు, కానీ దాని థిన్నర్ ఘాటు ఎక్కువ, కాబట్టి ప్రైమర్ ఎక్కడా ఖాళీ లేకుండా పట్టి ఉండాలి, మొదటి రెండు కోట్లు దాదాపు పొడిగా పడాలి. ఏ రంగైనా ముందు ఒక ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి చూడండి. ఒకదాని మీద ఇంకోటి వేసేటప్పుడు లాకర్ కింద, ఎనామెల్ పైన. తిరగేస్తే ముడతలు పడుతుంది.

ఆరిందో లేదో వేలితో చూడొద్దు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. థిన్నర్ వాసన వస్తోందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ముట్టుకోవడానికి ఒక రోజు, టేపు అంటించడానికీ పాలిష్ పట్టడానికీ వారం. వారం ఆగలేనివాళ్ల క్యాబిన్ పైకప్పు మీద వేలిముద్రలు ఉంటాయి, ఎక్కడైనా గమనించండి.

అప్పటికే మసక పట్టేసిందా? గుడ్డతో తుడవద్దు. పొడిగా ఉన్న రోజు చూసుకుని అదే లాకర్ క్లియర్‌ను బాగా పలచగా చల్లండి. పై పొర కొంచెం మెత్తబడి, ఇరుక్కున్న తేమ బయటికి పోతుంది, మసక చాలావరకు తేలిపోతుంది. లోతుగా ఉంటే 2000తో నీళ్లు పోసి రుద్ది మళ్లీ వేయాల్సిందే. కారిన చుక్క అయినా ఇంతే, తడిగా ఉండగా దాన్ని సరిచేయబోతే ఇంకా పెద్దదవుతుంది.

మన లారీగా మార్చడం

యూరప్ లారీని మన రోడ్డు లారీగా మార్చాలంటే బాడీ చెక్కతో మీరే కట్టాలి. ఐస్‌క్రీమ్ పుల్లలు వాడొద్దు. సుమారు రెండు మిల్లీమీటర్ల మందం అంటే అసలు లారీ మీద 48 మిల్లీమీటర్ల పలక అవుతుంది. కాఫీ కలిపే సన్న పుల్లలు తెచ్చి రుద్ది ఇంకా పలచన చేయండి. 150 మిల్లీమీటర్ల పలక మోడల్ మీద ఆరు మిల్లీమీటర్లు దాటుతుంది, ఆ పుల్లల వెడల్పు దానికి దగ్గరగా ఉంటుంది.

పాతకాలపు నేషనల్ పర్మిట్ లారీ (వేరే రాష్ట్రాల్లోనూ తిరిగే అనుమతి ఉన్నది) కడుతుంటే, 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో అప్పట్లో చెప్పిన ఎండుటాకు గోధుమరంగు, చుట్టూ 30 సెంటీమీటర్ల తెల్ల అంచు గుర్తుపెట్టుకోండి. మోడల్ మీద ఆ అంచు 12.5 మిల్లీమీటర్లు. ముందు తెలుపు వేసి, ఆరాక టేపు అంటించి, టేపు అంచు మీద ఇంకోసారి తెలుపే పలచగా కొట్టి, ఆ తర్వాతే గోధుమరంగు. అప్పుడు టేపు కిందికి దూరేది తెలుపే కాబట్టి గీత నిక్కచ్చిగా వస్తుంది.

నంబరు ప్లేటు పసుపు మీద నలుపు, గంజాం బండి అయితే ఓడీ 07, గజపతి అయితే ఓడీ 20. ముందు నుదుటి మీద జగన్నాథుడి పేరు ఒడియా అక్షరాల్లో పెట్టండి. ఇంట్లో ప్రింటర్ తెల్ల రంగు అచ్చువేయలేదు, కాబట్టి ముదురు క్యాబిన్ మీదికి పారదర్శక డెకాల్ కాగితం (అచ్చువేసి, నీళ్లలో నానబెట్టి అంటించేది) పనికిరాదు, తెల్లది కొనండి. ఇంక్‌జెట్ అయితే నీళ్లలో వేసే ముందు క్లియర్ కొట్టి ఆరబెట్టాలి, లేదంటే అక్షరాలు కారిపోతాయి.

దుమ్ము వేసే ముందు గిరిసోల దగ్గర హైవే పక్కన ఆగిన లారీలను కాసేపు చూడండి. దుమ్ము అంతటా సమంగా ఉండదు. మడ్‌ఫ్లాప్ మీద గట్టిగా పేరుకుని ఉంటుంది, డ్రైవరు కాలు పెట్టే మెట్టు మీద రంగు అరిగి ఇనుము మెరుస్తుంది, అద్దం మీద వైపర్ తిరిగిన చోటే శుభ్రంగా ఉంటుంది. కోరాపుట్ ఘాట్ దిగిన బండి కావాలంటే ఎర్రటి సుద్దపొడి, తీరం బండికి లేత గోధుమరంగు. మెత్తటి బ్రష్‌తో కింది సగానికే పూసి, దూరం నుంచి మ్యాట్ (మెరుపు లేని) క్లియర్ ఒక్కసారి చల్లండి. దానికీ మీటరు చూడాల్సిందే.

పూర్తయ్యాక అద్దాల పెట్టెలో పెట్టేటప్పుడు టైర్ల కింద ప్లాస్టిక్ పలక ఉండకుండా చూడండి. కిట్లలో వచ్చే మెత్తటి వినైల్ టైర్లలోని నూనె నెలల తరబడి ఆనుకుని ఉంటే ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. చక్రం రిమ్ముకు లోపల రంగు పట్టించి, టైర్ల కింద అల్యూమినియం రేకు ముక్క ఒకటి వేస్తే సరిపోతుంది.