ట్రాకియాస్టమీ రోగి బాధ్యత తీసుకునే ముందు

గొంతుకు రంధ్రం చేసి ట్యూబు పెట్టాక మొదటి వారం గడ్డుకాలం. చర్మం నుంచి శ్వాసనాళం వరకు దారి ఇంకా కుదురుకోదు. ఆ రోజుల్లో ట్యూబు ఊడితే దారి మూసుకుపోతుంది. తడుముతూ మళ్లీ దూర్చబోతే అది పక్క కణజాలంలోకి పోవచ్చు. అందుకే డ్యూటీ ఎక్కగానే కేస్ షీటుకన్నా ముందు మంచం పక్కన చూడండి. అదే సైజు ట్యూబు ఒకటి, దానికన్నా ఒక సైజు చిన్నది మరొకటి, ఆబ్ట్యురేటర్ (ట్యూబు దూర్చేటప్పుడు దాని లోపల ఉంచే కడ్డీ), ఆక్సిజన్, అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), మాస్కు, 10 మి.లీ. సిరంజి, పనిచేసే సక్షన్ (తెమడను పీల్చి తీసే యంత్రం) ఉండాలి. స్విచ్ వేసి, గొట్టం మడిచి పట్టుకుని, మీటరు ముల్లు లేచాకే సక్షన్ పనిచేస్తోందని ఒప్పుకోండి. స్టోరులో ఉన్న ట్యూబు మాత్రం లేనట్టే లెక్క.

దిగిపోతున్న నర్సును ఒక ప్రశ్న తప్పక అడగండి: ముక్కు, నోటి దారి తెరిచి ఉందా? స్వరపేటిక పూర్తిగా తీసేసిన రోగికి ముఖం మీద మాస్కు పెట్టినా ఆక్సిజన్ ఊపిరితిత్తులకు చేరదు. రంధ్రం దగ్గరే ఇవ్వాలి. ఆ మాట మంచం తలవైపు పెద్ద అక్షరాలతో ఉండాలి.

మానిటర్ అంకె ఆలస్యంగా పడిపోతుంది, రోగి ముఖం ముందే చెబుతుంది. అసహనం, చెమట, మెడ కండరాలు లోపలికి లాగడం గమనించండి. రంధ్రం చుట్టూ వేళ్లతో సుతారంగా నొక్కితే చర్మం కింద చిటపటమంటే గాలి చేరిందన్నమాట. డాక్టరుకు వెంటనే చెప్పండి. ఈ రోగి కేక వేయలేడు, కాలింగ్ బెల్ చేతికందేలా ఉంచండి.

సక్షన్ గడియారం చూసి చేసేది కాదు. గురగుర వినిపించినప్పుడు, తెమడ కనిపించినప్పుడు, ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు చేయాలి. ముందుగా ఆక్సిజన్ పెంచండి. కాథెటర్ (సక్షన్ గొట్టం) మందం ట్యూబు లోపలి వ్యాసంలో సగం దాటకూడదు, 8 మి.మీ. ట్యూబుకు 12 ఫ్రెంచ్ (4 మి.మీ. మందం) సరిపోతుంది. లోపలికి పంపేటప్పుడు పీడనం వద్దు, వెనక్కి తీసేటప్పుడే. పెద్దవారికి 80 నుంచి 120 మి.మీ. పాదరసం, 10–15 సెకన్లు చాలు. నాడి నెమ్మదిస్తే ఆపేయండి. తెమడ చిక్కబడిందని అలవాటుగా సెలైన్ పోసేవారున్నారు. దానికన్నా పీల్చే గాలికి తేమ అందించడం మేలు. తేమ లేకపోతే ట్యూబులో అమర్చిన, విడిగా తీయగలిగే లోపలి గొట్టంలో తెమడ పెచ్చుకట్టి దారి మూస్తుంది.

కఫ్ (శ్వాసనాళంలో ట్యూబు చుట్టూ గాలితో ఉబ్బే బెలూన్) పీడనం 20–30 సెం.మీ. నీటిమట్టం మధ్య ఉండాలి. బయటి చిన్న బెలూన్‌ను వేళ్లతో నొక్కి 'బాగానే ఉంది' అనడం కొలత కాదు, మానోమీటర్ వాడండి. మాట్లాడే వాల్వు (ట్యూబు ద్వారా గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చే మూత) పెట్టే ముందు కఫ్‌లోని గాలి పూర్తిగా తీయాలి, లేకుంటే రోగి ఊపిరి వదలలేడు. మెడ పట్టీ మార్చడానికి ఇద్దరు కావాలి: ఒకరు ట్యూబు పట్టుకోవాలి, ఒకరు కట్టాలి.

కొన్ని రోజుల తర్వాత కొద్దిగా తాజా రక్తం కనిపించి దానంతటదే ఆగిపోయినా తేలిగ్గా తీసుకోవద్దు. శ్వాసనాళం ముందున్న పెద్ద ధమని కోసుకుపోతోందనడానికి అది ముందస్తు సూచన కావచ్చు.

ట్యూబు మూసుకుపోయినట్టు అనిపిస్తే సాయానికి పిలుస్తూనే లోపలి గొట్టం తీయండి, తర్వాత కాథెటర్ దిగుతుందో లేదో చూడండి. మొదటి వారంలో ట్యూబు ఊడితే, పై దారి తెరిచి ఉన్న రోగికి రంధ్రాన్ని గాజుగుడ్డతో (గాజ్) మూసి, ముఖం మీద మాస్కు, అంబు బ్యాగుతో ఊపిరి అందించండి. కొత్త ట్యూబు వేసే పని డాక్టరుకు వదిలేయండి.