సరదాకి పడవ నడిపేవాళ్లు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి?

మైపాడు ఒడ్డు నుంచి పెద్దాసుపత్రి ఉన్న నెల్లూరు పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అది కూడా ఒడ్డుకు చేరాక లెక్క. నీళ్ల మీదికి 108 రాదు, పక్కన కూర్చున్నవాడే దిక్కు.

1. ముందు కోర్సు వెతకండి. ఇండియన్ రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో రెడ్‌క్రాస్ ఆఫీసుకు వెళ్లి తర్వాతి బ్యాచ్ ఎప్పుడో అడగండి. ఓడల్లో ఉద్యోగానికైతే ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడ సిబ్బందికి అంతర్జాతీయ శిక్షణ ప్రమాణం) కోర్సు తప్పదు, సరదాకి అంత అక్కర్లేదు. బ్రిటన్‌లో మాత్రం సరదా నావికులైనా ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ లేకపోతే యాట్‌మాస్టర్ పరీక్షకు (అక్కడి పడవల సంఘం ఆర్‌వైఏ పెట్టే నావికుల పరీక్ష) కూర్చోలేరు. వీడియో చూసి టిక్కులు పెడితే వచ్చే కాగితం మాత్రం వద్దు.

2. సీపీఆర్‌ను, అంటే గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి గాలి ఊదడాన్ని, బొమ్మ మీద చేయించమని పట్టుబట్టండి. ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. చూస్తే తేలికే. రెండు నిమిషాలు తిరక్కుండానే మోచేతులు వంగిపోతాయి, చెమట బొమ్మ మీద పడుతుంది. అందుకే ఇద్దరు మార్చుకుంటూ చేయడం నేర్చుకోండి.

మునిగినవాళ్లకు ఊపిరి ఆగిపోతే ముందు నోటితో గాలి ఊదాలి, ఛాతీ నొక్కడం ఆ తర్వాతే. 30 నొక్కులకు 2 ఊదులు. మన దగ్గర ఇంకా బోర్లా వేసి కడుపు నొక్కి నీళ్లు కక్కిస్తుంటారు. వద్దు. టైమ్ పోతుంది, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది.

3. రక్తం కారడం, వడదెబ్బ, విరిగిన ఎముక ఎటూ చెప్తారు. జెల్ల చేప ముల్లు, టేకు చేప ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలో మీరే అడగండి. చెయ్యో కాలో అయితే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఫ్లాస్కు టీకే కాదన్నమాట. ఛాతీలోనో కడుపులోనో దిగిన ముల్లు మాత్రం పీకొద్దు, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

4. కిట్‌ను నీళ్లు చొరబడని డబ్బాలో పెట్టండి. మూత లోపల 108, కోస్ట్ గార్డ్ 1554 రాసుకోండి.

5. సర్టిఫికెట్ గడువు చాలాచోట్ల మూడేళ్లే. ఆలోగా చేతులు మర్చిపోతాయి కాబట్టి నేను అప్పుడప్పుడూ ఇంట్లో దిండు మీద ప్రాక్టీస్ చేస్తుంటాను. దిండుకు పక్కటెముకలు లేవు కాబట్టి ఇంతవరకు ఏ గొడవా లేదు.