పాత ఫ్లాటుకు రిపేర్లు: కాంట్రాక్టరు దగ్గర ఎక్కడ తేడా కొడుతోంది?

పదిహేను, ఇరవై ఏళ్ల నాటి ఫ్లాటు. బాత్రూంలు తవ్వి మళ్లీ వేయించాలి, వంటగది గట్టు మార్చాలి, వైరింగ్ కొత్తది లాగాలి, ఆఖరున రంగులు. ఇలాంటి పనుల్లో గొడవ సగం పనయ్యాక బయటపడుతుంది గానీ, దాని మూలం చాలావరకు అడ్వాన్స్ ఇవ్వకముందే ఉంటుంది. ఇంకా డబ్బు ఇవ్వనివాళ్లకూ, ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకూ ఇద్దరికీ పనికొచ్చేలా ఇది రాస్తున్నాను.

సమస్య: ముగ్గురిచ్చిన ఎస్టిమేట్లకు పొంతనే లేదు

ఒకాయన నాలుగు లక్షలంటాడు, ఇంకొకాయన ఏడంటాడు. ముగ్గురూ ఒకే పనికి ధర చెప్పకపోవడమే కారణం. ఒకరిది లేబర్ మాత్రమే, ఇంకొకరిది మెటీరియల్‌తో కలిపి. పగలగొట్టిన పెంకులు, మట్టి కిందికి దించి పారబోయించే ఖర్చు ఒకరు కలిపారు, ఇంకొకరు మాట్లాడలేదు. జీఎస్టీ కలిపారో లేదో అడిగితే తప్ప తెలియదు.

ముందు పనుల జాబితా మీరే రాసుకోండి. "మంచి ప్లైవుడ్" అని రాస్తే ఏదైనా మంచిదే అవుతుంది. నీళ్లు తగిలే సింకు కింద అయితే ఐఎస్ 710 (భారత ప్రమాణం నంబరు) ముద్ర ఉన్నది, మిగతా చోట ఐఎస్ 303 అని రాయండి. వైరు లైట్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5, ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్లు అని రాయండి. రంగుల కొలతలోంచి తలుపులు, కిటికీల అడుగులు తీసేస్తారా, టైల్స్ లేబర్ పరిచిన అడుగులకా, కొన్న పెట్టెలకా, అదీ తేల్చుకోండి. ఒకే జాబితా ముగ్గురికీ పంపితే అప్పుడు పోలిక కుదురుతుంది. మరీ తక్కువ చెప్పినాయన్ను ఏ పనిలో తగ్గిందో అడగండి. చెప్పగలిగితే సరే. "మీకు నేను చూసుకుంటాను సార్" అంటే మాత్రం ఆ తగ్గింది తర్వాత బిల్లులో పెరుగుతుందనే అనుకోవాలి.

సమస్య: ఫోన్‌లో ఫోటోలు బ్రహ్మాండం, చూపించడానికి ఇల్లు లేదు

ఆ ఫోటోలు ఎక్కడివైనా కావచ్చు. రెండు ఇళ్లు చూపించమనండి: ఇప్పుడు పని నడుస్తున్నది ఒకటి, పనయ్యాక కనీసం ఒక వానాకాలం దాటింది ఇంకొకటి. నడుస్తున్న చోట సిమెంటు బస్తాలు చెక్కల మీద పేర్చారా, నేల మీద పడేశారా చూడండి. ప్లాస్టరింగ్‌కు నీళ్లు పడుతున్నారా, అక్కడి మేస్త్రీయే మీ ఇంటికీ వస్తాడా అడగండి. మీరు మాట్లాడేది కాంట్రాక్టరుతో, పని చేసేది మేస్త్రీ. పూర్తయిన ఇంట్లో టైల్స్ మీద నాణెంతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే కింద గాలి మిగిలిందని అర్థం. బాత్రూం గోడకు అవతలి వైపు అడుగుభాగంలో చెమ్మ ఉందేమో చూడండి. ఇంటివాళ్లను రెండే అడగండి: మొదట చెప్పిన మొత్తం మీద ఎంత పెరిగింది, దేనికి? డబ్బంతా ఇచ్చేశాక ఫోన్ ఎత్తాడా?

జీఎస్టీ నంబరు ఇస్తే అది 15 అక్షరాలుంటుంది, తెలంగాణది 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే పేరు, నంబరు నడుస్తోందా రద్దయిందా అన్నదీ కనిపిస్తాయి. చిన్న మేస్త్రీలకు ఈ నంబరు ఉండకపోవచ్చు, అది తప్పేం కాదు. నంబరు లేకుండా బిల్లులో జీఎస్టీ వేయడం తప్పు.

సమస్య: రెండు వారాలు పని జరిగింది, తర్వాత మనుషులు మాయం

ఇక్కడ కారణం తెలుసుకోకుండా అరిస్తే లాభం లేదు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన పనివాళ్లు పండక్కి ఊరెళ్లి ఉండొచ్చు, తిరిగొస్తారు. కాంట్రాక్టరు వాళ్లకు కూలి ఇవ్వకపోతే వేరే సైటుకు వెళ్లి ఉంటారు. మీ అడ్వాన్సుతో ఇంకొకరి ఇంట్లో పని నడుస్తూ ఉండొచ్చు. మేస్త్రీకి నేరుగా ఫోన్ చేస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పని కదలకముందే "ఇంకో లక్ష వేయండి" అని అడుగుతున్నాడంటే చాలావరకు మూడోదే.

మొదలుపెట్టేవాళ్లయితే అడ్వాన్స్ పది శాతం దాటనివ్వకండి. పైపులు వేసి ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడితో నీళ్లు నింపి లీకు చూడటం) అయ్యాక కొంత, వాటర్‌ప్రూఫింగ్ పరీక్ష అయ్యాక కొంత, టైల్స్ అయ్యాక కొంత, ఇలా పనికి వెనకే డబ్బు నడవాలి. ఆఖరి ఐదో పదో శాతం రెండు నెలలు ఆపుతానని ముందే రాయించండి. మెటీరియల్ మీ పేరు మీద బిల్లుతో మీరే కొనడం మేలు. కస్టమర్‌ను తెచ్చినవాడికి కమీషన్ ఇచ్చే టైల్స్ షాపులు చాలానే ఉంటాయి. కాబట్టి కాంట్రాక్టరు లేకుండా ఒకసారి వెళ్లి ధర కనుక్కోండి.

ఇరుక్కున్నవాళ్లు ఇంకో రూపాయి ఇవ్వకుండా, జరిగిన పనికి కొలతలు, ఫోటోలు తీసి, మిగిలిన పనుల జాబితా, గడువు తేదీ వాట్సాప్‌లో పంపండి. జవాబు లేకపోతే రాతపూర్వకంగా నోటీసు. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నగదు ఇచ్చి రసీదు తీసుకోనివాళ్లకు అక్కడ చూపించడానికి ఏమీ మిగలదు.

సమస్య: "వాటర్‌ప్రూఫింగ్ చేశామండీ" అన్నాడు, కింది ఇంటి సీలింగులో చెమ్మ

కెమికల్ పూయడం తేలిక. పైపు స్లాబులోంచి దిగే చోట, మూలల్లో, నేల జాలీ చుట్టూ సరిగా మూయడంలోనే పనితనం. టైల్స్ వేయకముందు జాలీ మూసి, రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి, గోడ మీద గీత పెట్టి, కనీసం 24 గంటలు, కుదిరితే 48 ఉంచాలి. "అవసరం లేదు సార్, పదేళ్లు గ్యారంటీ" అన్నవాడితో నేనైతే ఆ పని చేయించను.

చెమ్మ ఇప్పటికే వచ్చిందా? టైల్స్ అన్నీ తవ్వించకండి. బాత్రూం వాడకపోయినా చెమ్మ పెరుగుతుంటే నీళ్లొచ్చే పైపులో లీకు. వాల్వు కట్టేసి నాలుగు రోజులు చూడండి, తగ్గుతుంది. వాడినప్పుడే వస్తుంటే జాలీ మూసి నేల మీద నీళ్లు నిలబెట్టండి. అప్పుడూ కిందికి దిగితే నేలలో లోపం, దిగకపోతే డ్రైనేజీ పైపులో.

సమస్య: వారానికో "ఎక్స్‌ట్రా"

కొన్ని నిజమైనవే. తవ్వాకగానీ తుప్పు పట్టిన ఇనుము కనపడదు. మిగతావి నోటిమాట మార్పుల వల్ల. అదనపు పనుల రేట్లు అగ్రిమెంటులోనే రాసుకోండి, మీరు వాట్సాప్‌లో "సరే" అనకముందు చేసినదానికి డబ్బు లేదని చెప్పండి.

సమస్య: అన్నిటికీ "అయిపోతుంది సార్"

మాట్లాడేటప్పుడే కావాలని ఒకటి అడిగి చూడండి: "ఈ గోడ తీసేసి హాలు పెద్దది చేయొచ్చా?" పనెరిగినవాడు పైన బీము ఉందా, గోడ బరువు మోస్తోందా అని చూస్తాడు, ఇంజనీరును అడగమంటాడు, అసోసియేషన్ పర్మిషన్ సంగతి ఎత్తుతాడు. వెంటనే తలూపితే అక్కడితో ఆపేయండి. వైర్ల కోసం పిల్లర్లలో గాడి కొట్టేది కూడా ఇలాంటివాళ్లే.

ఇంట్లో దిగే ముహూర్తం విషయంలోనూ ఇంతే. ప్లాస్టరింగ్‌కు కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి, గోడ బాగా ఆరాకే పుట్టీ, రంగు. పచ్చి గోడ మీద రంగు వేస్తే పొక్కులు లేచి ఊడిపోతుంది. రోజులు లెక్కవేసి "ఆ తేదీకి కుదరదండీ" అన్నాయన్ను వదులుకోకండి, ముహూర్తమే వాయిదా వేసుకోండి.