నాయనమ్మకూ తెలిసేలా: తరగతి కబుర్లు ఇంటికి చేర్చే పద్ధతి

శ్రీకాకుళం జిల్లాలో పలాస దాటి ఉద్దానం లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్లో నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా పిల్లల తండ్రుల్లో చాలామంది చెన్నైలోనో హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో పనుల మీద ఉంటారు. తల్లులు పొద్దున్నే జీడిపప్పు ఫ్యాక్టరీలకు వెళ్లిపోతారు. బడి నుంచి వచ్చిన పిల్లకు కాళ్లు కడిగి, పక్కన కూర్చోబెట్టుకునేది నాయనమ్మో అమ్మమ్మో. కాగితాల మీద మనం ‘తల్లిదండ్రులకు తెలియజేయవలెను’ అని రాసుకుంటాం. ఆ తెలియజేయడం మా ఊళ్లో ఒక్కో ఇంటికి ముగ్గురికి, మూడు చోట్లకు చేరాలి. ఆ ముగ్గురిలో ఎక్కువసేపు పిల్ల దగ్గర ఉండేది చదువు రాని పెద్దావిడే. ఆవిడకు అర్థమయ్యేలా చెబితే మిగిలిన ఇద్దరికీ అర్థమవుతుంది. నా పద్ధతంతా దీని మీదే నిలబడింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు తరచూ అడుగుతున్నారు కనుక వివరంగా రాస్తున్నాను.

జూన్‌లో మొదలుపెట్టాల్సినవి

బడి నుంచి కబురు వచ్చిందంటే చాలు, ఇంట్లో వాళ్ల గుండె గుబేలుమంటుంది. ఎవరినో కొట్టాడనో, ఆధార్ కాగితం తెమ్మనో, సంతకం పెట్టి వెళ్లమనో తప్ప ఎవరూ పిలవరని వాళ్ల అనుభవం. అందుకని బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో ప్రతి పిల్ల గురించీ ఒక మంచి మాట ఇంటికి చేరేలా చూసుకోండి. అది నిజమైన మాట, ఆ పిల్లకే చెందిన మాట అయి ఉండాలి. ‘బాగా చదువుతోంది’ అంటే ఎవరికైనా సరిపోతుంది. ‘కొత్తగా చేరిన పాపను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది’ అంటే ఆ తల్లి పది మందికి చెప్పుకుంటుంది. రేపు ఆ పిల్ల చదవలేకపోతోందని చెప్పాల్సి వచ్చినప్పుడు, ఈ మొదటి మాట వల్లనే వాళ్లు మన మాట వింటారు.

అదే వారంలో ఇంకో పని చేయాలి. ప్రతి పిల్ల చేతా ఒక తెల్లకాగితం మీద తన ఇల్లు గీయించి, ఇంట్లో వాళ్ల పేర్లు వచ్చినట్టుగా రాయించి, తేదీ వేసి ఫైలులో దాచండి. తప్పులు దిద్దకండి. ఈ కాగితం డిసెంబరులో పనికొస్తుంది.

ఒక్క విషయం, ఒక్క ప్రశ్న

వారానికి తరగతికి ఒక్క కబురు చాలు. అందులో రెండే ఉండాలి: పిల్లలు ఈ వారం నేర్చుకున్నది ఒకటి, ఇంట్లో వాళ్లు అడిగి చూడగలిగే ప్రశ్న ఒకటి. ‘ఈ వారం తీసివేతలు చెప్పాం’ అంటే నాయనమ్మ చేతికి ఏమీ అందదు. నేను రెండో తరగతి వాళ్ల ఇళ్లకు పంపేది ఇలా ఉంటుంది:

“నమస్కారం అమ్మా. ఈ వారం మీ పిల్లలు పదిని విడగొట్టి తీసివేయడం నేర్చుకున్నారు. రాత్రి అన్నాలయ్యాక ఇలా అడగండి. మన చెట్లకు 34 కొబ్బరికాయలు దించాం, 18 అమ్మేశాం, ఇంట్లో ఎన్ని మిగిలాయి? జవాబు చెప్పగానే వదిలేయకండి, ఎలా లెక్కేశావని అడగండి. నాలుగులోంచి ఎనిమిది పోదు, అందుకని ఒక పదిని విడగొట్టాను అని చెబితే లెక్క వచ్చినట్టే. చెప్పలేకపోతే తిట్టకండి, పుస్తకంలో గీత పెట్టి పంపండి.”

బడి మెట్లు ఎక్కని నాయనమ్మకు కూడా 34లోంచి 18 పోతే 16 అని నోటి మీదే తెలుసు. కొబ్బరికాయల బేరం చేసి, లెక్క తేల్చుకుని సంసారం నడిపిన మనిషి ఆవిడ. ఆమెకు రానిది కాగితం మీది లెక్క మాత్రమే. తన లెక్కను దిద్దగల మనిషి ఇంట్లోనే ఉందని పిల్లకు తెలియడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

చదవడం గురించి అయితే వినమని చెబుతాను. “ఈ వారం ఒత్తులున్న మాటలు నేర్చుకున్నారు. అక్క, కొబ్బరి, పప్పు, ముగ్గు, చుట్టాలు అని రాత పుస్తకంలో రాసుకున్నారు. చదివించుకోండి. వేలు పెట్టి ఒక్కో మాట చదువుతుంటే ఎక్కడైనా ఆగుతున్నారా, గబగబా బట్టీ పట్టింది అప్పజెబుతున్నారా చూడండి. అనుమానం వస్తే కింది మాట ముందు, పై మాట తర్వాత చదవమనండి.” ఈ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. బట్టీ కొట్టిన పిల్ల అక్కడే దొరికిపోతుంది, అది కనిపెట్టడానికి అక్షరం రానక్కర్లేదు.

ఇక గీత సంగతి. ఇంటి నుంచి జవాబు రాకపోతే మన కబురు చేరిందో లేదో తెలియదు. రాయడం రాని వాళ్లను సంతకం అడిగితే చిన్నబుచ్చుకుంటారు, పిల్లే వాళ్ల పేరు రాసేసి తెస్తుంది. అందుకని రాత పుస్తకం వెనక పేజీలో తేదీలు వేసి ఉంచుతాను. వచ్చింది అనిపిస్తే తేదీ పక్కన చుక్క, తడబడితే గీత. అంతే. సోమవారం పొద్దున ప్రార్థన అయ్యాక ఆ పేజీలు చూసుకుంటే ఈ వారం ఎవరిని దగ్గర కూర్చోబెట్టుకోవాలో తెలిసిపోతుంది. గీతలు పెట్టిన ఇళ్లను మెచ్చుకోండి. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు మెచ్చుకుంటేనే వచ్చే వారం కూడా నిజం చెబుతారు.

గొంతుతో పంపండి

ఫోనులో రాతకన్నా వాయిస్ మెసేజి మేలు. చదువు రాని వాళ్లుంటారన్నది ఒక కారణం. రెండోది, జీడి పిక్కలు కొట్టే పనిలో గింజ పెంకులోని నూనె అంటి వేళ్లు నల్లబడతాయి, పొక్కుతాయి. సాయంత్రం ఆ చేతులతో ఇల్లు చేరి పొయ్యి వెలిగించిన తల్లి ఫోను ఒక పక్కన పెట్టి వింటూ కూర కలుపుకోగలదు. చదివి, టైపు చేసి జవాబివ్వమనడం న్యాయం కాదు. నిమిషం దాటనివ్వకండి. రాత్రి ఎనిమిది ప్రాంతంలో పంపితే ఇంటిల్లిపాదీ వింటారు.

ఊళ్లో లేని తండ్రికి అదే కబురుతోపాటు పాఠం పేజీ ఫోటో కూడా పంపండి. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది కదా, రెండూ వచ్చేలా తీయండి. తండ్రి రాత్రి వీడియో కాల్ చేసినప్పుడు ‘అన్నం తిన్నావా’ తర్వాత అడగడానికి ఒక మాట దొరుకుతుంది. పిల్ల ఇంగ్లీషు పేజీ చదివితే, ఆయన తెలుగు పేజీ చూసి అర్థం అడగగలడు.

మందస, కంచిలి, ఇచ్ఛాపురం వైపు బడుల్లో ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు ఉంటారు. కొండ దిగువ గూడేల్లో సవర మాట్లాడతారు. అక్కడ హైస్కూల్లో చదువుకునే అక్కనో అన్ననో పిలిచి, మీ కబురును వాళ్ల భాషలో చెప్పించి రికార్డు చేయండి. ఆ పిల్లలు ఎంత గర్వంగా చెబుతారో చూడాలి.

వాట్సాప్ గ్రూపు గురించి పెద్దగా చెప్పేది లేదు. మార్కులు, ఒకరి తప్పులు, హాజరు కాని వాళ్ల పేర్లు గ్రూపులో పెట్టకూడదు. శుభోదయాలు, రాజకీయాలు వద్దని మొదటి రోజే చెప్పాలి. పిల్లల ముఖాల ఫోటోలు ఇంట్లో అడగకుండా పంపకండి. వాళ్లు చేసిన పని ఫోటో పంపితే చాలు.

వీధి వైపు నల్లబల్ల

ఫోను ఒక్కదాన్నే నమ్ముకోకూడదని మా ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు పడిపోయి ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఫోన్లలో ఛార్జింగు లేదు, సిగ్నలు లేదు. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే మాకు తుపాను భయం ఉండనే ఉంటుంది.

బడి ప్రహరీ గోడకు వీధి వైపున, మనిషి ఎత్తులో, కొంత మేర నల్లరంగు వేయించండి. అక్కడ రోజుకు రెండు వాక్యాలు చాలు. వాటిని పిల్లలే రాయాలి, పెద్ద అక్షరాలతో. ‘ఈరోజు మూడో తరగతి వాళ్లం బడి ఆవరణలో ఆకులు ఏరి ఎనిమిది రకాలుగా వేరు చేశాం. వేప ఆకు అంచు రంపం పళ్లలా ఉంది.’ సాయంత్రం గంట కొట్టాక, రాసిన పిల్ల అక్కడే కాసేపు నిలబడి, మనవల్ని తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్లకు చదివి వినిపించాలి. రోజుకొకరి వంతు. తన వంతు వచ్చే నాటికి తడబడకుండా చదవాలని ప్రతి పిల్లా ముందు నుంచే సాధన చేసుకుంటుంది. గుమ్మం దగ్గర పెద్దవాళ్లు అడిగేవి ఎక్కువగా గుడ్డు పెట్టారా, యూనిఫాం ఎప్పుడిస్తారు, ‘తల్లికి వందనం’ పథకం డబ్బు పడుతుందా అనే ప్రశ్నలే. అవి వాళ్లకు ముఖ్యమైనవి, ముందు వాటికి సూటిగా జవాబు చెప్పండి. ఆ తర్వాత ‘మన వాడు ఏం రాశాడో వినండి’ అని బల్ల వైపు చూపించండి.

సమావేశం

విద్యాహక్కు చట్టం 2009లోని 24వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి చెప్పడం టీచరు విధి. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా సమావేశాలు జరిగాయి. బడికి ఎప్పుడూ రాని వాళ్లు కూడా అలాంటి పండుగ రోజున వస్తారు, అది మంచిదే. కానీ అంత సందడిలో ఒక తల్లికి ఆమె పిల్ల చదువు గురించి నెమ్మదిగా చెప్పడం కుదరదు. దానికి వేరే వేళ కావాలి. రోజు కూలీకి వెళ్లే తల్లిని పగలు రమ్మంటే ఆమె కూలి పోగొట్టుకోవాలి. ఫ్యాక్టరీ సెలవు రోజునో, చీకటి పడే ముందో పిలవండి.

మా ఊరి తండ్రులు సంక్రాంతికి వస్తారు. ముక్కనుమ నాడు పొద్దున రెండు గంటలసేపు బడి తలుపు తెరిచి కూర్చుంటాను. సెలవు రోజే అయినా ఏడాది మొత్తంలో తండ్రులు దొరికే వేళ అదే.

టేబుల్‌కు అటూ ఇటూ కూర్చోకండి. పక్కపక్కనే, పిల్ల మధ్యలో. జూన్‌లో దాచిన కాగితం ముందు పెట్టి, పక్కన డిసెంబరులో అదే విధంగా గీయించి రాయించిన కాగితం పెట్టండి. ఏమీ వివరించకండి, చూడనివ్వండి. జూన్‌లో ‘నయనమ’ అని ఉన్న చోట డిసెంబరులో ‘నాయనమ్మ’ అని దీర్ఘంతో, ఒత్తుతో ఉంటే ఆ తేడాను పిల్లే వేలు పెట్టి చూపిస్తుంది. ప్రగతి పత్రంలోని గ్రేడు చూసి ఏమనాలో తెలియని తండ్రి ఈ రెండు కాగితాలు చూసి మాట్లాడతాడు. ఆ తర్వాతే గ్రేడు చెప్పండి.

వెనకబడిన పిల్ల గురించి

ఇది ఎప్పుడూ ఎదురుగా, ఒంటరిగా చెప్పాల్సిన మాట. ‘మీ వాడికి చదువు రావడం లేదు’ అన్న మాట నోట రాకూడదు. వచ్చింది ఎంత, ఆగింది ఎక్కడ, నేను చేస్తున్నది ఏమిటి, ఇంట్లో చేయాల్సింది ఏమిటి, ఈ వరుసలో చెప్పండి. “గుణింతాలన్నీ వచ్చాయి. ఒత్తు దగ్గర ఆగుతున్నాడు. రోజూ మధ్యాహ్నం భోజనం తర్వాత పావుగంట నా దగ్గర చదువుతున్నాడు. మీరు రాత్రి ఐదు మాటలు వినండి. నెల తర్వాత మళ్లీ చూద్దాం.” నెల తర్వాత చూస్తామన్నాక తప్పకుండా చూడాలి, తేదీ గోడ క్యాలెండరులో రాసుకోండి.

చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని, 9999 వరకు సంఖ్యలు రావాలని ఉంది. ఆ అంకెలు మనకు దారి చూపడానికి ఉన్నాయి. ఇంట్లో చెబితే గడియారం పట్టుకుని పిల్ల వెంట పడతారు. ‘కొత్త కథ ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, ఏం జరిగిందో మీకు చెప్పాలి’ అంటే చాలు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో జీడి తోటల్లో పిక్కలు ఏరడానికి పిల్లల్ని తీసుకెళ్తుంటారు. గైరుహాజరు చూసి కోప్పడే బదులు ఫిబ్రవరిలోనే ఇళ్లకు చెప్పండి: ఈ నెలల్లో గుణకారం మొదలవుతుంది, వారం పోతే ఎక్కడ తెగిపోతుందో ఇదిగో అని పుస్తకం చూపించండి. ఒంటిపూట బడి అయ్యాక తోటకు పంపుతామని చాలా ఇళ్లు ఒప్పుకుంటాయి.

మధ్యలో ఊరు విడిచే వాళ్లకు

కొన్ని కుటుంబాలు ఏడాది మధ్యలో పిల్లలతో సహా పనికి వెళ్లిపోతాయి. తెలిసిన రోజునే ఒక కాగితం సిద్ధం చేయండి. పిల్లకు వచ్చినవి, ఆగిన పాఠం, ఏ చేతితో రాస్తుంది, కళ్లద్దాలు ఉన్నాయా, ఏం చేస్తే ఉత్సాహపడుతుంది, ఇవన్నీ ఒక పేజీలో. భువనేశ్వర్‌లో టీచరుకు తెలుగు రాకపోవచ్చు కనుక పిల్ల సొంతంగా చేసిన లెక్కల పేజీ, ఇంగ్లీషులో రాసిన పేజీ జత చేయండి, లెక్కలు ఎవరికైనా తెలుస్తాయి. రెండు ప్రతులు తీసి ఒకటి తల్లికి చదివి వినిపించి చేతికివ్వండి, రెండోది బడి ఫైలులో ఉంచండి. వారం కబురు వాళ్ల ఫోనుకు పంపడం మాత్రం ఆపకండి. సంక్రాంతి తర్వాత తిరిగి వచ్చేసే కుటుంబాలు ఉంటాయి. అప్పుడు ఆ పిల్ల తరగతి ఎక్కడిదాకా వచ్చిందో వింటూనే ఉంటుంది కాబట్టి, ఫైలులోని కాగితం తీసి ఆగిన చోటు చూసుకుని మొదలుపెట్టవచ్చు.