స్ట్రెచర్ కదిలే ముందు

క్యాజువాలిటీలో కొత్తగా చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పేషెంటును స్కానుకు తీసుకెళ్లే ముందు ఇవి చూసుకోండి.

• ఆక్సిజన్ సిలిండర్ గేజు మీ కళ్లతోనే చూడండి. "నిండుగానే ఉందన్నా" అంటే నమ్మొద్దు. లిఫ్టు దగ్గర, స్కాను దగ్గర ఆగాల్సి వస్తుంది, అంతసేపూ సరిపోవాలి. ఎమ్మారై అయితే ఇనుప సిలిండర్ గదిలోకి అస్సలు పోకూడదు, అయస్కాంతం లాగేస్తుంది.

• పేరు పేషెంటుతోనే చెప్పించి, చేతి పట్టీతో సరిచూడండి. పాతబస్తీ పెద్దాయనైతే ఉర్దూలో అడగండి, ఆ భయంలో సొంత భాషే ధైర్యం.

• పక్క కమ్మీలు పైకి. యూరిన్ బ్యాగు నడుముకు కిందే.

• మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానముంటే డాక్టర్ చెప్పేదాకా కదపొద్దు.

• గ్లౌజులు తప్పనిసరి. సూది గుచ్చుకుంటే దాచొద్దు. సబ్బుతో కడిగి వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందు 72 గంటల్లోపే మొదలవ్వాలి.