కీక్యాప్ సెట్ కొనే ముందు స్కేలు తీయండి

కీక్యాప్‌లంటే కీబోర్డు కీల మీద తొడిగే మూతలు. వాటి రంగు చూసి మనసు పారేసుకునే ముందు మీ కీబోర్డు కింది రెండు వరసలను కొలవండి. అక్షరాల కీలతో పేచీ ఉండదు. తంటా అంతా షిఫ్ట్, స్పేస్‌బార్ దగ్గరే. మామూలు కీ ఒకటి ఆక్రమించే చోటు 19.05 మిల్లీమీటర్లు, దాన్నే 1యూ అంటారు. స్పేస్‌బార్ దాదాపు 118 మి.మీ. ఉంటే 6.25యూ, 132 ఉంటే 7యూ.

నాది 65 శాతం బోర్డు, అంటే పక్కన అంకెల ప్యాడ్, పైన ఎఫ్ కీల వరస లేని చిన్న కీబోర్డు. కుడి షిఫ్ట్ 1.75యూ; ఫుల్‌సైజు బోర్డులో అదే 2.75యూ ఉంటుంది. నేను ముచ్చటపడ్డ సెట్ బేస్ కిట్‌లో (మొదట కొనే అసలు ప్యాక్‌లో) ఈ పొట్టి షిఫ్ట్ లేదు, విడిగా ఇంకో కిట్ కొనాలట. పిల్లి బొమ్మల కీలు మాత్రం నాలుగు పెట్టారు! ఎవరడిగారండీ? అందుకే కిట్ బొమ్మను జూమ్ చేసి, మీ బోర్డు కీలను ఒక్కొక్కటే టిక్ పెట్టుకోండి.

పొడవు కుదిరినంత మాత్రాన సరిపోదు, వరస కూడా చూడాలి. కీక్యాప్‌ల ఆకార శైలిని ప్రొఫైల్ అంటారు; చెర్రీ ప్రొఫైల్‌లో ఒక్కో వరసకు ఎత్తు, వాలు వేరు. అంకెల వరస కోసం చేసిన పేజ్ అప్ కీని తెచ్చి, ‘ఎ’ ఉండే వరసలో పెడితే పక్క కీల కంటే పైకి లేచి వేలికి తగులుతూనే ఉంటుంది. ఆర్1, ఆర్2, ఆర్3 అన్న గుర్తులు ఇందుకే. ఈ టెన్షన్ వద్దనుకుంటే అన్ని వరసలూ ఒకే ఎత్తుండే ఎక్స్‌డీఏ, డీఎస్ఏ ప్రొఫైళ్లు తీసుకోండి.

మధ్యలో చీలిన ఆలిస్ బోర్డు అయితే రెండు స్పేస్‌బార్లు, చాలావాటికి రెండు ‘బి’లు కూడా కావాలి.