బొగోటాలో లేఓవర్: ఎయిర్‌పోర్టు దాటే ముందు చూసుకోవాల్సినవి

డాలస్, హ్యూస్టన్ వైపు నుంచి మచుపిచ్చుకో, బ్యూనస్ ఐరిస్‌కో వెళ్లే మనవాళ్ల టికెట్లలో కొలంబియా రాజధాని బొగోటాలో పది పన్నెండు గంటల లేఓవర్ (విమానం మారడానికి ఆగే సమయం) తరచుగా తగులుతుంటుంది. అంతసేపు ఎయిర్‌పోర్టు కుర్చీల్లో గడపడం అన్యాయం, ఎందుకంటే ఊరు నిజంగా చూడదగ్గది. కానీ బయటికి వెళ్లాలా వద్దా అన్నది అక్కడ దిగాక తేల్చుకునే విషయం కాదు. టికెట్ కొన్న రోజే తేల్చుకోవాలి.

మొదటిది ఎల్లో ఫీవర్ టీకా. దీన్ని చాలామంది పట్టించుకోరు, అందుకే ముందు చెబుతున్నాను. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో మన ప్రభుత్వం కొలంబియాను పెట్టింది. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల లోపు ఇండియాలో దిగేవాళ్ల దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఎయిర్‌పోర్టు ఆవరణ దాటకుండా విమానం మారినవాళ్లకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అంటే ఊళ్లోకి ఒక్క గంట వెళ్లొచ్చినా మీ లెక్క మారిపోతుంది. బొగోటా ఎత్తు మీద ఉన్న ఊరు కాబట్టి ఎల్లో ఫీవర్ తెచ్చే దోమల బెడద అక్కడ లేదు, కానీ మన అధికారులు చూసేది దేశం పేరు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేయించుకోకూడదు.

రెండోది వీసా. భారతీయ పాస్‌పోర్టుకు కొలంబియా వీసా కావాలి. అయితే అమెరికా లేదా షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా ఉండి, దానికి ఇంకా కనీసం 180 రోజుల గడువుంటే విడిగా తీసుకోనక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ అంతే. హెచ్1బీ వాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి: చేతిలో ఉన్న ఐ-797 (హెచ్1బీ ఆమోదం తెలిపే) కాగితం వీసా కాదు, పాస్‌పోర్టులోని స్టాంపింగే లెక్క. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కొలంబియా విదేశాంగ శాఖ సైట్లో ఒకసారి చూసుకుని, ఎయిర్‌లైన్‌నూ అడగండి. ప్రయాణానికి ముందు 72 గంటల లోపు చెక్-మిగ్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు.

ఇక టైం లెక్క. దిగి ఇమిగ్రేషన్ దాటడానికి గంట పైనే పట్టొచ్చు. ఊరి మధ్యకు దూరం పదిహేను కిలోమీటర్ల లోపే అయినా ట్రాఫిక్‌లో గంట పోతుంది, రావడానికి మరో గంట. అంతర్జాతీయ ఫ్లైట్‌కు మూడు గంటల ముందు టెర్మినల్‌లో ఉండాలి. ఇవన్నీ తీసేస్తే పది గంటల్లో మీకు మిగిలేది నాలుగే. ఎనిమిది గంటల కన్నా తక్కువ లేఓవర్ అయితే లోపలే ఉండిపొమ్మంటాను. రెండు ఫ్లైట్లూ వేర్వేరు టికెట్ల మీద ఉంటే ఇంకా ఎక్కువ టైం ఉంచుకోండి. రెండోది తప్పిపోతే కొత్త టికెట్ మీ డబ్బుతోనే కొనుక్కోవాల్సి వస్తుంది.

బొగోటా 2,640 మీటర్ల ఎత్తులో ఉంది, ఊటీ కన్నా దాదాపు 400 మీటర్లు ఎక్కువ. విమానం దిగి బ్యాగు లాక్కుంటూ నాలుగడుగులు గబగబా వేసేసరికి ఆయాసం తెలుస్తుంది. తలనొప్పి రావొచ్చు. నిదానంగా నడవండి, నీళ్లు బాగా తాగండి (అక్కడ కుళాయి నీళ్లు తాగొచ్చు), మద్యం జోలికి పోకండి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే, వాళ్లకు గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే బయటికి తీసుకెళ్లే ముందు డాక్టర్‌తో మాట్లాడండి. పొద్దున ఎండగా ఉన్నా మధ్యాహ్నానికి వాన పడొచ్చు, చలీ ఉంటుంది. స్వెటరు, గొడుగు చెకిన్ బ్యాగులో పెట్టేస్తే అవి మీతో రావు.

ఉన్న నాలుగు గంటల్లో ఒక్క చోటికే వెళ్లండి. నన్నడిగితే గోల్డ్ మ్యూజియం. అందులో ముయిస్కా తెగవాళ్లు చేసిన ఒక బంగారు తెప్ప ఉంది. జానెడు పొడవు కూడా ఉండదు. నడుమ దొర, చుట్టూ అతని కన్నా చిన్నగా మనుషులు, అంతా మైనంతో నమూనా చేసి, దాని చుట్టూ మట్టి మూస కట్టి పోతపోసిన పని. 1969లో పాస్కా అనే ఊరి దగ్గర ఒక గుహలో రైతులకు దొరికింది. దాని ముందు తీరిగ్గా నిలబడండి. ఈ మ్యూజియం సోమవారం మూసేస్తారు. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, లా కాందెలారియా పాతబస్తీలో కొలంబియా చిత్రకారుడు బొతేరో పేరు మీద ఉన్న మ్యూజియం ఉంది. ప్రవేశం ఉచితం, మంగళవారం సెలవు. మోన్సెరాతే కొండ 3,152 మీటర్లు, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. వెళ్తే కేబుల్ కారులోనే వెళ్లండి, కాలిబాటలో దోపిడీలు జరిగాయి. కొండ మీద చర్చి ఉంది కాబట్టి ఆదివారం భక్తుల రద్దీ ఎక్కువ. పైగా ఆదివారాలు మధ్యాహ్నం రెండింటి దాకా సైకిళ్ల కోసం చాలా రోడ్లు మూసేస్తారు, కారు చుట్టూ తిరిగి రావాల్సిందే.

దొంగతనాల గురించి భయపెట్టడం లేదు గానీ, మంగళసూత్రం గొలుసు, గాజులు, నెక్లెస్ బయటికి కనపడనివ్వకండి. తీసి చెకిన్ బ్యాగులో కూడా పెట్టకండి. హ్యాండ్ బ్యాగేజీలో లోపలి అరలో ఉండాలి, లేదా వాటిని ఇంట్లోనే వదిలి రావాలి. రోడ్డు పక్కన నిలబడి ఫోన్‌లో మ్యాప్ చూస్తే బైకు మీద వచ్చి లాక్కుపోతారు, ఏదైనా షాపులోకి వెళ్లి చూసుకోండి. ట్యాక్సీ ఎయిర్‌పోర్టు అధికారిక క్యూలో గానీ యాప్‌లో గానీ తీసుకోండి, వీధిలో చెయ్యి ఊపి ఆపొద్దు. మామూలు బట్టల్లో వచ్చి పోలీసునని నోట్లు చూపించమనేవాడికి పర్సు ఇవ్వకండి. జనం ఉన్న చోటికి నడవండి, 123కి ఫోన్ చేయండి. కొత్తవాళ్లు ఇచ్చిన డ్రింకు, సిగరెట్, చూయింగ్ గమ్ ఏదీ తీసుకోవద్దు. స్కోపొలమైన్ అనే మందు కలిపి, మనిషికి స్పృహ సరిగా లేకుండా చేసి దోచుకున్న కేసులు అక్కడ ఉన్నాయి. ఇది పుకారు కాదు.

శాకాహారులు మాంసం వద్దని మాత్రమే చెబితే చికెన్ రావొచ్చు. చికెన్, చేప కూడా వద్దని విడిగా చెప్పండి. అక్కడ పేరున్న అహియాకో సూప్‌లో కోడిమాంసం ఉంటుంది. అరేపా అనే మొక్కజొన్న రొట్టె, చీజ్ ముక్క వేసిన హాట్ చాక్లెట్‌తో కడుపు నిండుతుంది.

సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా రోడ్లు కదలవు, వాన పడితే ట్యాక్సీ దొరకదు. రాత్రి తొమ్మిదికి ఫ్లైట్ ఉంటే నాలుగింటికల్లా కారెక్కండి. ఎక్కే ముందు బ్యాగు ఒకసారి చూసుకోండి: ఎత్తు ప్రాంతంలో తలనొప్పికి మంచిదని అమ్మే కోకా ఆకు టీ ప్యాకెట్లు అందులో ఉండకూడదు. అమెరికాలోనూ ఇండియాలోనూ అవి చట్టవిరుద్ధం. తాగినా ఉద్యోగాల డ్రగ్ టెస్టులో పాజిటివ్ రావొచ్చు.